బండికి అదనపు లైట్లు పెట్టించారా? ఫ్యూజు పోతున్నా, బ్యాటరీ దిగిపోతున్నా తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

చోడవరం: మగ్రిబ్ దాటాక బీఎన్ రోడ్డు మీద బండి నడపాలంటే రెండు కళ్లూ చాలవు. భీమిలి నుంచి నర్సీపట్నం వెళ్లే ఈ రోడ్డు చోడవరం మీదుగానే పోతుంది. గుంతలు ఒకవైపు, వెనక ఎర్రలైటు కూడా లేని చెరకు బళ్లు మరోవైపు, ఎదురుగా కళ్లలో కొట్టే తెల్లటి ఎల్‌ఈడీలు ఇంకోవైపు. కంపెనీ ఇచ్చిన లైటు సరిపోవడం లేదని చాలామంది బైకుకో, ఆటోకో, పాత కారుకో బయట లైట్లు కొని పెట్టించుకుంటున్నారు. నర్సీపట్నం షాదీకి వెళ్లి రాత్రి తిరిగొచ్చే కుటుంబం, తరావీహ్ తర్వాత పిల్లల్ని ఎక్కించుకుని ఇంటికి వచ్చే తండ్రి, సెహ్రీ వేళకే స్టాండ్‌లో ఉండాల్సిన ఆటో డ్రైవర్, అందరికీ వెలుగు అవసరమే.

చిక్కు ఎక్కడంటే, లైటు పెట్టడం అరగంట పని. అది తెచ్చే కరెంటు తలనొప్పి మాత్రం నెలల తరబడి ఉంటుంది. ఫ్యూజులు పోతాయి, ఇండికేటర్ పిచ్చిగా కొట్టుకుంటుంది, పొద్దున్నకి బ్యాటరీ చచ్చిపోతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం నడిరోడ్డు మీద ఉన్నట్టుండి చీకటి అయిపోవడం, లేదా వైరు కాలి బండికే మంట అంటుకోవడం. తప్పు ఎక్కడుందో వరసగా వెతికితే వీటిలో చాలావరకు ఇంటి దగ్గరే తెలుస్తాయి. బాగు చేయడం చేతకాకపోయినా, మెకానిక్ దగ్గర ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు ఒక చిన్న లెక్క

బల్బు వాట్లను వోల్టులతో భాగిస్తే ఎన్ని ఆంపియర్ల కరెంటు లాగుతుందో వస్తుంది. బైకు, ఆటో, కారు బ్యాటరీ 12 వోల్టులు. లారీలు, పెద్ద బస్సులు ఎక్కువగా 24 వోల్టులు. ఒకదాని బల్బు ఇంకోదానికి పనికిరాదు.

కార్లలో ఎక్కువగా కనిపించే హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లు. హైబీమ్‌లో రెండు బల్బులకు 120 వాట్లు, అంటే 10 ఆంపియర్లు. బయట దొరికే 100/90 బల్బులు రెండు వేస్తే 200 వాట్లు, దాదాపు 16.7 ఆంపియర్లు. వైరు మాత్రం పాతదే. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి కరెంటు 1.67 రెట్లు అయితే వేడి దాదాపు 2.8 రెట్లు అవుతుంది. హోల్డర్ ప్లాస్టిక్ కరగడం, స్విచ్ మాడిపోవడం, స్టీరింగ్ దగ్గర కాలిన వాసన రావడం వెనక ఉన్న లెక్క ఇదే.

ఎల్‌ఈడీ తక్కువ లాగుతుంది. 20 వాట్ల లైట్లు రెండు పెడితే 40 వాట్లు, సుమారు 3.3 ఆంపియర్లు. కాబట్టి ఎల్‌ఈడీల గొడవ సాధారణంగా ఎక్కువ కరెంటు వల్ల రాదు. తప్పు చోట వైరు కలపడం, ఎర్త్ సరిగా లేకపోవడం, నాసిరకం సరుకు వల్ల వస్తుంది.

దగ్గర ఉండాల్సినవి

ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, ఒక టెస్ట్ ల్యాంప్, బండికి సరిపడే ఫ్యూజులు రెండేసి, గరుకు కాగితం, మంచి ఇన్సులేషన్ టేపు. బ్లేడు ఫ్యూజుల రంగులు గుర్తుంచుకుంటే మంచిది: 5 ఆంపియర్లు లేత గోధుమ, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. వైర్లు ముట్టుకునే ముందు బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయండి. కొలతలు తీసేటప్పుడు మాత్రమే మళ్లీ కలపండి.

మొదటి పని: కొత్త లైట్లను విడదీయండి

ఏ గొడవ వచ్చినా ముందు అదనంగా పెట్టిన లైట్ల కనెక్షన్ పూర్తిగా తీసేసి చూడండి. గొడవ పోతే తప్పు కొత్త వైరింగ్‌లో ఉంది. పోకపోతే బండి సొంత వైరింగ్‌లోనో, బ్యాటరీలోనో ఉంది. ఈ ఒక్క పనితో సగం వెతుకులాట తగ్గిపోతుంది. దీన్ని వదిలేసి నేరుగా బల్బులు మార్చుకుంటూ పోతే డబ్బు దండగ.

లక్షణాన్ని బట్టి తప్పు

1. లైటు అస్సలు వెలగడం లేదు

ముందు ఫ్యూజు చూడండి. బాగుంటే స్విచ్ వేసి, లైటు దగ్గర ప్లస్, మైనస్ మధ్య మీటర్ పెట్టండి. 12 వోల్టులు చూపిస్తే కరెంటు వస్తోంది, లైటే పోయింది. చూపించకపోతే మీటర్ ప్లస్‌ను అక్కడే ఉంచి, మైనస్‌ను నేరుగా బ్యాటరీ మైనస్‌కి తాకించండి. ఇప్పుడు 12 చూపిస్తే ఎర్త్ తెగింది. అప్పుడు కూడా రాకపోతే స్విచ్, రిలే, ప్లస్ వైరు, ఈ మూడింటిలో ఒకటి. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తారుమారు చేస్తే చాలా వాటికి వెలగదు. అది కూడా ఒకసారి చూసుకోండి.

2. వెలుగుతోంది కానీ డిమ్ముగా ఉంది

ఇది ఎక్కువసార్లు ఎర్త్ గొడవే. పెయింట్ మీద, తుప్పు మీద బోల్టు బిగిస్తే కరెంటుకు తిరుగుదారి ఉండదు. వానాకాలం తర్వాత ఇది ఇంకా ఎక్కువ. లైటు వెలుగుతుండగానే రెండు కొలతలు తీయండి. బ్యాటరీ ప్లస్ నుంచి లైటు ప్లస్ దాకా తేడా అర వోల్టు దాటకూడదు. బ్యాటరీ మైనస్ నుంచి లైటు మైనస్ దాకా తేడా 0.2 వోల్టు లోపు ఉండాలి. మైనస్ వైపు ఎక్కువ చూపిస్తే ఆ చోట పెయింట్ గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించండి. ప్లస్ వైపు ఎక్కువ చూపిస్తే వైరు సన్నగా ఉంది, లేదా మధ్యలో చుట్టి టేపు వేసిన జాయింట్ వదులైంది.

3. ఫ్యూజు పదే పదే పోతోంది

ఇక్కడ ఎప్పుడు పోతోంది అన్నదే అసలు ఆధారం.

స్విచ్ వేయగానే, బల్బు తీసేసినా పోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. బల్బు పెడితేనే పోతే బల్బు లేదా హోల్డర్‌లో షార్ట్. కొన్ని నిమిషాలు వెలిగాక పోతే లోడు ఎక్కువైంది. గుంతలో పడినప్పుడు, హ్యాండిల్ తిప్పినప్పుడు మాత్రమే పోతే వైరు ఎక్కడో రాసుకుని ఒలిచింది. బైకుల్లో హ్యాండిల్ మెడ దగ్గర, కార్లలో ఇనుప రేకు రంధ్రం గుండా వైరు పోయే చోట ముందు చూడండి.

ఫ్యూజులు తగలేయకుండా షార్ట్ వెతకడానికి పాత మెకానిక్‌ల పద్ధతి ఒకటుంది. ఫ్యూజు చోట 21 వాట్ల ఇండికేటర్ బల్బును వైర్లతో కలపాలి. కొత్త లైట్ల ప్లగ్ తీసేసి స్విచ్ వేయాలి. షార్ట్ ఉంటే ఆ బల్బు గట్టిగా వెలుగుతుంది. ఇప్పుడు వైరింగ్‌ను కొంచెం కొంచెంగా కదుపుతూ పోతే, ఎక్కడ కదిపినప్పుడు బల్బు ఆరిపోతుందో తప్పు అక్కడే.

ఒకటి మాత్రం చేయకూడదు. ఫ్యూజు పోతోందని 10 చోట 30 వేయడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, రాగి తీగ పెట్టడం. ఫ్యూజు ఉన్నది తను కాలిపోయి వైరును కాపాడటానికి. దాన్ని కాలకుండా చేస్తే కాలేది వైరు, దానితోపాటు బండి.

4. ఎల్‌ఈడీ మిణుకు మిణుకుమంటోంది

బైకుల్లో దీనికి పెద్ద కారణం ఏసీ లైను. పాత బైకులు, స్కూటర్లు చాలావాటిలో హెడ్‌లైటుకి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజిన్‌లోని మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది. రేస్ ఇచ్చేకొద్దీ లైటు వెలుగు పెరుగుతుంటే అది ఏసీ లైను అని అనుమానించాలి. హాలోజన్‌కి ఇది పర్వాలేదు, డీసీ ఎల్‌ఈడీకి పడదు. మిణుకుమంటుంది, కొన్ని రోజులకే కాలిపోతుంది. పరిష్కారం రెండు రకాలు: ఏసీ-డీసీ రెండింటికీ పనిచేసే లైటు కొనడం, లేదా బ్యాటరీ నుంచి రిలే ద్వారా వేరే లైను ఇవ్వడం. రెండోది చేస్తే ఆ లోడును చార్జింగ్ తట్టుకుంటుందా లేదా చూసుకోవాలి.

కొత్త కార్లలో కారణం వేరు. అక్కడ కంప్యూటర్ బల్బుకు కరెంటును వేగంగా ఆపుతూ, ఇస్తూ వెలుగును అదుపు చేస్తుంది. బల్బు బాగుందో లేదో కూడా అదే కనిపెడుతుంది. ఎల్‌ఈడీ తక్కువ లాగేసరికి బల్బు పోయిందనుకుని మీటర్ బోర్డు మీద హెచ్చరిక చూపిస్తుంది. ఇలాంటి కార్లలో వైరు కోసి కలపడం మంచిది కాదు. ఆ మోడల్‌కి సరిపడే డీకోడర్ ఉన్న సరుకే వాడాలి.

5. ఇండికేటర్ చాలా వేగంగా కొట్టుకుంటోంది

మామూలు ఇండికేటర్ బల్బు కారులో 21 వాట్లు ఉంటుంది. ముందు, వెనక కలిపి 42 వాట్లు, 3.5 ఆంపియర్లు. ఆ చోట 3 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే అర ఆంపియరే. ఫ్లాషర్ ఒక బల్బు పోయిందనుకుని వేగం పెంచేస్తుంది. కొన్ని బళ్లలో అసలు కొట్టుకోవడమే మానేస్తుంది. ఎల్‌ఈడీ కోసం చేసిన ఫ్లాషర్ వేస్తే సరిపోతుంది. కొందరు రెసిస్టర్ కలుపుతారు. 6 ఓమ్‌ల రెసిస్టర్ 12 వోల్టుల దగ్గరే 24 వాట్లను వేడిగా మారుస్తుంది, చేయి కాలేంత వేడెక్కుతుంది. దాన్ని టేపు చుట్టి ప్లాస్టిక్ పక్కన వదిలేయకూడదు. తప్పదంటే ఇనుప రేకుకి బోల్టు వేసి బిగించాలి.

6. బ్రేకు వేస్తే ఇండికేటర్ వెలుగుతోంది

ఒకటి వేస్తే ఇంకోటి వెలగడం ఎర్త్ పోయిందనడానికి గుర్తు. కరెంటు తన సొంత దారి మూసుకుపోయేసరికి పక్క బల్బు గుండా తిరిగి వెళ్తుంది. వెనక లైటు హోల్డర్ ఎర్త్ ముందు చూడండి. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. వెనక వచ్చేవాడు మీరు ఆగుతున్నారో, తిరుగుతున్నారో తెలియక గుద్దేస్తాడు.

7. పొద్దున్నకి బ్యాటరీ డౌన్

కొత్త లైట్లను తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపితే ఇలా అవుతుంది. బైకు బ్యాటరీ 4 ఆంపియర్ అవర్ అనుకుందాం. 20 వాట్ల లైటు ఒకటి మరిచిపోతే రెండున్నర గంటల్లోపే ఖాళీ. పేరుకి చిన్నదైన అలంకరణ లైటు 0.1 ఆంపియర్ లాగినా, పది గంటల్లో ఆ బ్యాటరీలో పావు వంతు తినేస్తుంది.

పరీక్ష: అన్నీ ఆపేసి, తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, మధ్యలో మీటర్‌ను 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి కలపండి. ఈ స్థితిలో బండి స్టార్ట్ చేయకూడదు, చేస్తే మీటర్ పోతుంది. కారులో కాసేపు ఆగాక 0.05 ఆంపియర్ కంటే ఎక్కువ చూపిస్తుంటే, ఒక్కో ఫ్యూజూ తీస్తూ రండి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ లైనే దొంగ.

ఇంకో కోణం కూడా ఉంది. బండి నడుస్తున్నప్పుడు, లైట్లన్నీ వేసి బ్యాటరీ మీద వోల్టేజీ చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ అవుతోంది. లైట్లు వేయగానే 12.5 కిందకి దిగి, రేస్ ఇచ్చినా లేవకపోతే మీరు పెట్టిన లోడు బండి తయారు చేసే కరెంటు కంటే ఎక్కువ. బ్యాటరీ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, లైట్లు తగ్గించాల్సిందే.

8. రేడియోలో గరగర, లైటు లోపల నీళ్లు

ఎల్‌ఈడీ వేయగానే రేడియో గరగరమంటే అది చవక డ్రైవర్ సర్క్యూట్ చేసే గొడవ. వైరింగ్ తప్పు కాదు, సరుకు మార్చడమే మందు. అద్దం లోపల నీళ్లు చేరితే వెనక రబ్బరు మూత సరిగా పట్టలేదని అర్థం. ఎల్‌ఈడీకి వెనక ఫ్యాన్ ఉండటంతో మూత పట్టదని కొందరు దాన్ని కోసేస్తారు. ఆ కోతలోంచే దుమ్ము, నీళ్లు వెళ్లి రిఫ్లెక్టర్ పాడవుతుంది.

రిలే పెడితే సగం గొడవలు రావు

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్. దాని కాళ్లకు అంకెలు ఉంటాయి. 30 నంబరుకు బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా వైరు. 87 నుంచి లైటుకు. 85 ఎర్త్‌కి. 86కి స్విచ్ నుంచి వచ్చే వైరు. ఆ స్విచ్‌కి కరెంటు తాళం లైను నుంచి తీసుకుంటే, తాళం తీయగానే లైట్లు ఆరిపోతాయి. బ్యాటరీ మరిచిపోయి దిగే బాధ ఉండదు.

ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, జానెడు దూరంలోపు ఉండాలి. లైటు దగ్గర పెడితే మధ్యలో వైరు షార్ట్ అయినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు. ఫ్యూజు విలువ లోడు కంటే కొంచెం ఎక్కువ, వైరు తట్టుకునేదాని కంటే తక్కువ ఉండాలి. పైన చెప్పిన 40 వాట్ల ఎల్‌ఈడీలకు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

వెలుగు ఎవరి కళ్లలో పడుతోంది?

కరెంటు అంతా సరిగ్గా ఉన్నా లైటు తప్పు కావచ్చు. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్, ఫిలమెంట్ ఎక్కడ ఉంటుందో లెక్కవేసి చేసింది. అందులో ఎల్‌ఈడీ బల్బు దూరిస్తే వెలుగు చెదిరిపోతుంది. నడిపేవాడికి దగ్గర రోడ్డు తెల్లగా కనిపించి బాగుందనిపిస్తుంది, దూరం చూపు మాత్రం పెరగకపోవచ్చు. ఎదుటివాడికి కళ్లు చీకట్లు కమ్ముతాయి. జర్మనీలో హాలోజన్ చోట వేసే ఎల్‌ఈడీ బల్బుకు 2020లో అనుమతి వచ్చింది. అది కూడా పరీక్షించి జాబితాలో పెట్టిన కారు మోడళ్లకు మాత్రమే.

ఇంట్లో చూసుకునే పద్ధతి సులువు. సమంగా ఉన్న చోట గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపండి. లైటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద అంతే ఎత్తులో సుద్దతో గీత గీయండి. డిమ్ వేస్తే వెలుగు పై అంచు సాధారణంగా ఆ గీతకు 10 సెంటీమీటర్ల కింద ఉండాలి. వెనక కుటుంబం, సామాను ఎక్కితే ముందు భాగం లేచి వెలుగు పైకి పోతుంది. కారులో 0 నుంచి 3 దాకా ఉండే చిన్న చక్రం అందుకే.

చట్టం, బీమా ఏమంటాయి?

కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లోని 106వ నిబంధన ప్రకారం ముందు లైటు వెలుగు కిందికి వంగి ఉండాలి. 8 మీటర్ల దూరంలో, ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉన్న కళ్లను అది మిరుమిట్లు గొలపకూడదు. 108వ నిబంధన ప్రకారం ముందువైపు ఎర్రలైటు చూపించకూడదు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లకు ఇంజిన్ నడుస్తుంటే హెడ్‌లైటు దానంతట అదే వెలిగే ఏర్పాటు తప్పనిసరి. బ్యాటరీ మిగులుతుందని దానికి స్విచ్ పెట్టించడం తప్పు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 కంపెనీ మూలరూపానికి భిన్నంగా బండిని మార్చడానికి ఒప్పుకోదని సుప్రీంకోర్టు 2019 జనవరి 9న చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

బీమా సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. బయట పెట్టించిన ఎలక్ట్రికల్ సామాన్లను విడిగా చెప్పి, విలువ చూపి, ప్రీమియం కట్టి పాలసీలో చేర్పించుకునే వీలు ఉంది. చెప్పకుండా వైరు కోసి లైటు పెట్టి, దాని వల్లే మంట వస్తే క్లెయిమ్‌కు ఇబ్బంది. వారంటీలో ఉన్న బండి అయితే వైరు కోయకముందే సర్వీస్ సెంటర్‌ను అడగండి. లైట్ల బిల్లు, పెట్టిన చోటి రసీదు దాచుకోండి.

పెట్టించే ముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ఒకటి, ఇది ఎన్ని వాట్లు, ఎన్ని ఆంపియర్లు లాగుతుంది? రెండు, రిలే, ఫ్యూజు వేస్తున్నారా, ఫ్యూజు ఎక్కడ పెడుతున్నారు? మూడు, కంపెనీ వైరు కోస్తున్నారా, లేక ప్లగ్‌కి ప్లగ్ కలుపుతున్నారా? నాలుగు, ఎర్త్ ఎక్కడ బిగిస్తున్నారు? ఐదు, గోడ మీద వెలుగు సరిచేసి ఇస్తారా? వీటికి సరైన జవాబు చెప్పే మెకానిక్ వంద రూపాయలు ఎక్కువ అడిగినా నష్టం లేదు.

ఇంట్లో చేయకూడని సందర్భాలు

కాలిన వాసన వస్తుంటే, ఫ్యూజు బాక్స్ కరిగి ఉంటే, ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక వెలుగుతుంటే చేయి పెట్టకండి. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లను ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోవద్దు. అందులో ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది. దారిలో పొగ వస్తే బండి పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, ముందు పిల్లల్ని, పెద్దల్ని దించి దూరంగా పంపండి. బానెట్ ఒక్కసారిగా పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలి మంట పెరుగుతుంది. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. సామాను కోసం వెనక్కి వెళ్లకండి.

దారిలో పడి ఉన్న అడ్డును తీసేయడం కూడా ఈమాన్‌లో భాగమని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఎదుటివాడి కళ్లలో కొట్టే లైటు, వెనకవాడికి కనపడని బ్రేకు లైటు కూడా దారిలో అడ్డే. ఈ శుక్రవారం జుమా తర్వాత ఓ పది నిమిషాలు బండి చుట్టూ తిరిగి, ఒకరిని వెనక నిలబెట్టి బ్రేకు, ఇండికేటర్, హైబీమ్, డిమ్ అన్నీ వేసి చూసుకోండి. ఎక్కడో రాత్రిపూట రోడ్డు మీద తెలియాల్సిన తప్పు ఇంటి గుమ్మం ముందే తెలిసిపోతుంది.